వాగు వెంట ఊరి చరిత్ర: రాయదలచినవారికి కొన్ని సూచనలు

ఊరి చరిత్ర రాయాలని కూర్చున్నవారు సాధారణంగా మొదటి పేజీలోనే కాకతీయులనో కొండవీటి రెడ్లనో తలుచుకుంటారు. రెండో పేజీలో శ్రీకృష్ణదేవరాయలు వస్తాడు, మూడో పేజీలో గుడి కట్టించిన పుణ్యాత్ముడు వస్తాడు, అక్కడి నుంచి సర్పంచుల వరస మొదలవుతుంది. ఏ చేను పండాలో, ఏ ఇల్లు మునగాలో, పిల్లనిచ్చిన ఊరికి వానాకాలంలో దారి ఉంటుందో లేదో తరతరాలుగా తేల్చిన వాగుకు మాత్రం ‘ఊరికి ఉత్తరాన ఒక వాగు కలదు’ అన్న ఒక్క వాక్యం దక్కుతుంది. ఈ వరసను తిరగేసి, వాగుతో మొదలుపెట్టి ఊరిలోకి రావడం మేలని నా అభిప్రాయం.

అందుకు కారణం వాగు మీద మమకారం కాదు, ఆధారాల లభ్యత. మన ప్రాంతంలో ఒక మామూలు ఊరికి రాజుల ప్రస్తావన ఉన్న శాసనం దొరకవచ్చు, దొరకకపోవచ్చు. వాగు ప్రస్తావన లేని రికార్డు మాత్రం దాదాపు ఉండదు. దానశాసనంలో అది సరిహద్దు. కైఫియతులో, అంటే రెండు వందల ఏళ్ల కిందట రాయించిన గ్రామ వృత్తాంతంలో, సాగుకు పనికిరాదని మినహాయించిన భూమి. సర్వే పటంలో పోరంబోకు, అంటే ఎవరికీ పట్టా లేని ప్రభుత్వ భూమి. జమాబందీలో, అంటే ఏటేటా శిస్తు తేల్చే లెక్కల్లో, శిస్తు వజాకు (తగ్గింపుకు) కారణం. రోడ్డు శాఖ కాగితాల్లో చప్టా, తూము, వంతెన. ఒకే వాగు ఇన్ని కాలాల కాగితాల్లో కనబడుతుంది కాబట్టి, ఒక కాలంలోని మాటను మరో కాలంలోని మాటతో సరిచూసుకునే వీలు కలుగుతుంది. ఊరి చరిత్రకు అంతకంటే గట్టి పట్టు మరొకటి దొరకదు.

ఇక్కడి ఉదాహరణలు ఎక్కువగా కృష్ణకు కుడివైపున్న కొండవీటి వాగు నుంచి, ఎడమవైపున్న బుడమేరు నుంచి తీసుకున్నవి. మీ ఊరి వాగు వీటిలో కలిసే చిన్న వంక అయినా పద్ధతి మారదు.

ముందుగా ఊరు ఏ లెక్కలో ఉందో తేల్చుకోవాలి

రికార్డు గదికి వెళ్లే ముందు ఒక కాగితం మీద మీ ఊరు ఏ కాలంలో ఏ జిల్లా, ఏ తాలూకా కింద ఉందో రాసుకోండి. ఇది లేకుండా వెతికితే ఉన్న రికార్డు కూడా కనబడదు. పాత గుంటూరు కలెక్టరేటును 1859లో రద్దు చేసి, దానిలో చాలా భాగాన్ని మచిలీపట్నంతో కలిపి కృష్ణా జిల్లాగా ఏర్పాటు చేశారు. గుంటూరు మళ్లీ విడి జిల్లా అయినది 1904లో. అంటే ఆ మధ్య నలభై అయిదేళ్లలో తాడికొండ వైపు ఊరి సంగతులు కావాలంటే గుంటూరు పేరిట కాక కృష్ణా జిల్లా పేరిట ఉన్న సంపుటాలు తిరగేయాలి. 1970లో ఒంగోలు ప్రాంతం ప్రకాశం జిల్లాలోకి వెళ్లింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో పల్నాడు, బాపట్ల, ఎన్టీఆర్ జిల్లాలు ఏర్పడ్డాయి. కొండవీటి వాగు పుట్టే కొండలు ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉన్నాయి, అది కృష్ణలో కలిసే ఉండవల్లి గుంటూరు జిల్లాలో ఉంది. పాత పుస్తకాల సూచికలో ఊరి పేరు కనబడకపోతే, ఊరు లేదనుకోకుండా తాలూకా పేరు మార్చి మళ్లీ చూడాలి.

దీనితోపాటు ఊరు రైతులే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టిన రైతువారీ గ్రామమా, జమీందారీ గ్రామమా, బ్రాహ్మణులకు ఇచ్చిన అగ్రహారమా, శ్రోత్రియమా అన్నది కూడా తేల్చుకోవాలి. అమరావతి పరిసరాల్లో చాలా ఊళ్లు ఒకప్పుడు వాసిరెడ్డి వారి జమీలో ఉండేవి. జమీందారీ గ్రామమైతే పాత లెక్కలు ప్రభుత్వం దగ్గర తక్కువగా, జమీ కాగితాల్లో ఎక్కువగా ఉంటాయి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత ప్రభుత్వ సర్వే జరిగిన గ్రామాలకు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (సర్వే నంబరు వారీగా భూమి వివరాల పుస్తకం) ఉంటుంది. దీనినే కార్యాలయాల్లో ఎస్‌ఎఫ్‌ఏ అంటారు. రైతువారీ గ్రామానికి అడగవలసినది రీసెటిల్‌మెంట్ రిజిస్టర్, అంటే ఆర్‌ఎస్‌ఆర్. ఇనాం భూములకు ఇనాం ఫెయిర్ రిజిస్టర్ వేరుగా ఉంటుంది. దానిలో ఫలానా భూమి ఎవరికి, ఏ సేవకు, ఏ ప్రభువు ఇచ్చాడన్న వివరం కూడా రాసి ఉంటుంది కాబట్టి, చరిత్ర రాసేవారికి అది అడంగల్ కంటే విలువైనది.

వాగు వెంట నడక

కాగితాలకు ముందు కాళ్లతో పని ఉంది. వాగును కనీసం రెండు కాలాల్లో చూడాలి: ఎండలు ముదిరిన మేలో ఒకసారి, వానలు పడి నీరు కాస్త తగ్గిన తర్వాత మరొకసారి. ఎండాకాలంలో వాగు అడుగు, గట్టు కోతలు, ఇసుక మేటలు, చెలమలు తీసిన చోట్లు, పాత చప్టాల పునాదులు కనబడతాయి. వానల తర్వాత నీరు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ గట్టు దాటి చేలలోకి పోతుందో తెలుస్తుంది. వాన కురుస్తున్నప్పుడు మాత్రం వాగులోకి దిగవద్దు. మీ ఊళ్లో చినుకు లేకపోయినా పైన కొండల్లో పడిన వాన గంటల్లో వచ్చి చప్టా మీద నడుముల్లోతు పారడం మన వాగులకు అలవాటే.

చేతిలో పటం ఉండాలి. భారత సర్వేక్షణ శాఖ వారి 1:50,000 పటాల్లో విజయవాడ, గుంటూరు, కొండవీడు ప్రాంతమంతా 65 డి వరుసలో వస్తుంది. వాటిని ఆ శాఖ వెబ్‌సైటు నుంచి దించుకోవచ్చు. పటం మీద వాగును నీలి పెన్సిలుతో దిద్దుకుని, నడిచేటప్పుడు రేవులు, మడుగులు, తూములు, వాగులో కలిసే వంకలు, డొంక దాటే చోట్లు గుర్తు పెట్టండి. ప్రతి చోటుకూ ఊరివాళ్లు పిలిచే పేరు అడిగి రాసుకోండి. చాకిరేవు, ఎద్దుల మడుగు, శ్మశానం వంపు వంటి పేర్లు ఏ పటంలోనూ ఉండవు; ఆ రేవులో బట్టలు ఉతికినవారు, ఆ మడుగులో పశువులను కడిగినవారు ఉన్నంతకాలమే అవి ఉంటాయి.

వాగు గట్టున లేదా కాస్త ఎత్తైన చోట పాటిదిబ్బ ఉందేమో తప్పక విచారించండి. పాత జనావాసం శిథిలమై మట్టిలో కలిసిపోయిన దిబ్బను మన రైతులు ఆ పేరుతోనే పిలుస్తారు. ఆ మట్టి సత్తువగలదని తరాలుగా బండ్లకెత్తి చేలకు తోలుకున్నారు కాబట్టి, చాలా దిబ్బలు ఇప్పుడు నేలమట్టమై, పెంకుల గుట్టలుగా మాత్రమే మిగిలాయి. నలుపూ ఎరుపూ కలిసిన కుండ పెంకులు, ఇప్పటి ఇటుకకు రెండింతలు మించిన పెద్ద ఇటుకలు, పూసలు, శంఖు గాజుల ముక్కలు కనబడితే అక్కడి ఊరు శాతవాహనుల కాలానికో అంతకు ముందుకో పోయే అవకాశం ఉంది. ఇప్పటి గ్రామకంఠం (ఇళ్లున్న చోటు) ఒకచోట, పాటిదిబ్బ మరోచోట ఉంటే, ఊరు ఎందుకు కదిలిందన్న ప్రశ్నకు వాగు దారి మార్చడమూ ఒక జవాబు కావచ్చు. కావచ్చు అన్నంతవరకే రాయండి; తవ్వకం జరగనిదే అంతకు మించి చెప్పడానికి వీల్లేదు.

దిబ్బను మీరు తవ్వకూడదు. కనబడినదాన్ని ఉన్నచోటే ఫొటో తీసి, పక్కన కొలబద్ద పెట్టి, ఏ సర్వే నంబరులో ఉందో రాసుకుంటే చాలు. భూమిలో దాగి ఉండి బయటపడిన వస్తువు విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెబుతున్నది. ఆ పది రూపాయల హద్దు ఈనాడు నవ్వు తెప్పించినా, చట్టం చట్టమే. అంతకంటే ముఖ్యమైన సంగతి, పొర చెదిరిన పెంకు ఎంత అందంగా ఉన్నా దాని కాలం చెప్పగల సాక్ష్యం పోయినట్టే.

సర్వే పటం, లింకుల లెక్క

వాగు ఒకప్పుడు ఎంత వెడల్పు ఉండేదో తెలిపే గట్టి ఆధారం ఒక్కో సర్వే నంబరు కొలతల పటం ఉండే ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, అంటే ఎఫ్‌ఎంబీ. మీభూమి వెబ్‌సైటులో గ్రామ పటంతోపాటు ఇదీ చాలా ఊళ్లకు దొరుకుతుంది. దొరకనివారు మండల సర్వేయరు దగ్గర అడగాలి. పాత ఎఫ్‌ఎంబీలోని అంకెలను అడుగులనో మీటర్లనో అనుకుంటే లెక్క మొత్తం తప్పిపోతుంది. అవి లింకులు. వంద లింకులు ఒక గొలుసు, గొలుసు 66 అడుగులు. పటంలో వాగు వెడల్పు 150 లింకులని ఉంటే అది 99 అడుగులన్నమాట. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, ఎకరానికి వంద సెంట్లు.

రిజిస్టరులో ‘వాగు పోరంబోకు’ అని ఉన్న సర్వే నంబర్లన్నీ ఒక పట్టికగా రాసుకుని, విస్తీర్ణాలు కూడండి. తర్వాత గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలను వెనక్కి జరుపుకుంటూ, లేదా ఇస్రో వారి భువన్ పటాల వెబ్‌సైటులో, అదే వాగు ఇప్పుడు ఎంత ఉందో చూడండి. కాగితం మీద 99 అడుగులున్న వాగు నేల మీద 30 అడుగులకు కుదించుకుపోయిన చోట్లు అరుదు కాదు. భూముల రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి కాబట్టి, రెండు నంబర్లనూ పక్కపక్కన రాసుకోకపోతే ముందు ముందు మీ పట్టిక ఎవరికీ అర్థం కాదు.

ఈ దశలో ఆక్రమణల సంగతి తప్పకుండా బయటపడుతుంది. వాగు ఎంత తగ్గిందో, ఏ కాలంలో తగ్గిందో రాయండి. ఎవరి చేను ఎంత ముందుకు జరిగిందో రాయకండి. పేర్లు రాసిన మరుక్షణం ఆ పుస్తకం చరిత్రగా కాక కోర్టు కాగితంగా చదవబడుతుంది, ఆపైన ఊళ్లో ఎవరూ మీతో నోరు విప్పరు.

కార్యాలయంలో రికార్డు చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద నకలు కోరవచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు, ఆపై కార్యాలయాల్లో పది రూపాయలు. జవాబు ముప్పై రోజుల్లో రావాలి. దరఖాస్తులో ‘మా ఊరి చరిత్ర కావాలి’ అని రాస్తే పని జరగదు. ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, ఫలానా రిజిస్టరు పేజీ నకలు అని అడగాలి. 1984లో కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దయినప్పుడు లెక్కలన్నీ ప్రభుత్వానికి అప్పగించవలసి ఉన్నా, కొన్ని పాత కట్టలు కరణాల ఇళ్లలోనే అటకల మీద ఉండిపోయాయి. ఆ ఇంటివారిని మర్యాదగా అడిగి, కాగితాలను ఇంటికి తీసుకుపోకుండా అక్కడే ఫొటోలు తీసుకోవడం ఇరుపక్షాలకూ మంచిది.

పాత లెక్కల్లో సంవత్సరం ఫసలీలో ఉంటుంది. ఫసలీ జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. దానికి 590 కలిపితే అది మొదలైన క్రీస్తు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1318 అంటే 1908 జూలై నుంచి 1909 జూన్ వరకు. జమాబందీలో ముంపు వల్ల వజా ఇచ్చిన ఫసలీలను వరసగా రాసుకుంటే, ఎవరి జ్ఞాపకంతోనూ పని లేకుండా మీ వాగు వరదల చరిత్ర సగం తయారవుతుంది.

కైఫియతులు, శాసనాలు

ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ కింద పనిచేసిన కావలి బొర్రయ్య, ఆయన తర్వాత తమ్ముడు లక్ష్మయ్య, వారి సహాయకులు పంతొమ్మిదో శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఊరూరా తిరిగి, కరణాల దగ్గరి దండకవిలెలు (ఊరి పాత లెక్కల పుస్తకాలు) చూసి, పెద్దలను విచారించి రాయించిన గ్రామ వృత్తాంతాలే కైఫియతులు. వాటిని సి.పి. బ్రౌన్ తిరగరాయించాడు, మూల ప్రతులు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి, గుంటూరు జిల్లా కైఫియతులు అచ్చులో కూడా వచ్చాయి. మీ ఊరికి కైఫియతు ఉంటే అదృష్టమే. లేకపోతే పక్క ఊరి కైఫియతు చదవండి. వాగు రెండింటిదీ అయినప్పుడు మీ ఊరు అందులో సరిహద్దుగానైనా కనబడుతుంది.

కైఫియతును ముక్కలుగా విడదీసి చదవడం నేర్చుకోవాలి, ఎందుకంటే దానిలో అన్ని ముక్కలకూ ఒకే విలువ లేదు. మొదట్లో వచ్చే రాజుల వరస చాలా కైఫియతుల్లో ఒకే మూసలో ఉంటుంది. గణపతి మహారాజు కాలంలో ఆయన మహాప్రధాని గోపరాజు రామన్న శాలివాహన శకం 1067 రక్తాక్షి నామ సంవత్సరంలో, సూర్యగ్రహణ కాలంలో, నియోగులకు గ్రామ కరణీకపు మిరాశీలు (వంశపారంపర్య హక్కులు) నిర్ణయించాడన్న మాట ఊరు తరవాత ఊరిలో అలాగే వస్తుంది. శకం 1067 అంటే పన్నెండో శతాబ్దం నడిమికాలం. కాకతి గణపతిదేవుడు రాజ్యానికి వచ్చినది 1199లో. కాబట్టి దీనిని కరణాలు తమ హక్కుకు చెప్పుకున్న కథగా ఉదహరించండి, ఊరి పుట్టిన తేదీగా కాదు. చాలా గ్రామ చరిత్రలు మొదటి పేజీలోనే తప్పటడుగు వేసేది ఇక్కడే.

మనకు పనికివచ్చే అసలు భాగం ఆ తర్వాత వచ్చే గుడికట్టు లెక్క. ఊరి మొత్తం భూమి ఇన్ని కుచ్చెళ్లు అని చెప్పి, దానిలో నుంచి గ్రామకంఠం, చెరువులు, కుంటలు, వాగులు, డొంకలు, తోటలు, ఇనాములు ఒక్కొక్కటిగా మినహాయిస్తారు. వాగుకు ఎంత భూమి పోయిందో, రెండు వందల ఏళ్ల కిందట ఊళ్లో ఎన్ని చెరువులు ఉండేవో, ఏ కులవృత్తులవారికి ఎంత మాన్యం ఉండేదో అక్కడ తెలుస్తుంది. కుచ్చెల కొలత ఊరూరికీ మారేది కాబట్టి దాన్ని ఎకరాల్లోకి మార్చే సాహసం చేయకండి; మొత్తంలో వాగుది ఎన్నో వంతు అన్నది మాత్రం లెక్కగట్టి, సర్వే రిజిస్టరులోని నిష్పత్తితో పోల్చి చూడండి.

శాసనం విషయానికి వస్తే, మీ ఊరి శాసనం ఇదివరకే ఎవరైనా చదివి అచ్చువేశారేమో ముందు చూడాలి. పురావస్తు శాఖ శాసన విభాగం వార్షిక నివేదికల్లో, దక్షిణ భారత శాసన సంపుటాల్లో ఊళ్ల పేర్లు పాత తాలూకాల కింద ఉంటాయి. చదవని రాయి కనబడితే దాని మీద సుద్ద, పసుపు, నూనె, రంగు ఏదీ పూయవద్దు. పొద్దున్నే లేదా సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫొటో తీయండి, లేదా చీకటి పడ్డాక టార్చిలైటును రాతికి ఒక పక్క నుంచి ఆనించి పట్టుకుని తీయండి. అక్షరాల అంచుల్లో నీడ పడి, పట్టపగలు కనబడని గీతలు కూడా తేలుతాయి. గుడికి సున్నం కొట్టించే ధర్మకర్తలకు, రాతి స్తంభాలను వదిలిపెట్టమని ఒక మాట చెప్పడం కూడా ఈ పనిలో భాగమే.

శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు సంవత్సరం వస్తుంది. జనవరి నుంచి ఉగాది లోపలి తిథి అయితే 79 కలపాలి. సంవత్సరాన్ని అంకెల్లో కాక మాటల్లో చెప్పిన శాసనాలు పద్యాల్లో తరచుగా వస్తాయి. గగనం సున్న, చంద్రుడు ఒకటి, నేత్రాలు రెండు, వేదాలు నాలుగు, శరాలు అయిదు. ఈ మాటలను కుడి నుంచి ఎడమకు పేర్చాలి. ‘గగన శర నేత్ర చంద్ర’ అని ఉంటే శకం 1250, అంటే క్రీ.శ. 1328. తేదీ తేలిన తర్వాత నేరుగా సరిహద్దుల భాగానికి వెళ్లండి. తూర్పున ఫలానా వాగు, దక్షిణాన ఫలానా పుట్ట, పడమర ఫలానా ఊరి పొలిమేర అన్న ఆ పంక్తులను పట్టుకుని నేల మీద నడిస్తే, దాత పేరు కంటే ఎక్కువ సంగతులు తెలుస్తాయి.

పెద్దల మాట వినడం

ముసలివాళ్లను ‘ఏ సంవత్సరం?’ అని అడగవద్దు. అడిగితే ఏదో ఒక సంఖ్య చెబుతారు, అది మీకు పనికిరాదు. ‘మీ పెళ్లికి ముందా, తర్వాతా? దివిసీమ ఉప్పెనకు ముందా? సాగర్ నీళ్లు రాకముందా? బ్యారేజీ కట్టేటప్పుడు మీరు బడికి పోతున్నారా?’ అని అడగండి. ప్రకాశం బ్యారేజీ 1957 డిసెంబరులో ప్రారంభమైంది. నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలినది 1967 ఆగస్టులో. ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. ఇటువంటి గుర్తులు నాలుగైదు ముందుగా రాసుకుంటే వారి జ్ఞాపకాలు వాటి మధ్య తమంత తామే సర్దుకుంటాయి.

తెలుగు సంవత్సరం పేరు చెప్పేవారు దొరికితే మరీ మంచిది. ప్రభవ 1927లోనూ 1987లోనూ వచ్చింది. అక్కడి నుంచి లెక్కపెట్టుకోవచ్చు. ‘మా అమ్మ రక్తాక్షిలో పుట్టింది’ అంటే అది 1924 ఉగాదితో మొదలైన ఏడాది. కరువులకు కూడా మన పెద్దలు సంవత్సరాల పేర్లే పెట్టారు. గుంటూరు సీమను ఊళ్లకు ఊళ్లు పాడుపెట్టిన 1832-33 కరువును నందన కరువనీ డొక్కల కరువనీ అన్నారు. 1876లో మొదలైనది ధాత కరువు. ఊళ్లో ఫలానా ఇంటిపేరువాళ్లు నందన కరువుకు వలస వచ్చారన్న మాట వినబడితే, అది తేదీతో సహా దొరికిన సమాచారమే.

ఎవరిని అడుగుతారన్నది ఏమి అడుగుతారన్నదానికంటే ముఖ్యం. రచ్చబండ మీద కూర్చునే మోతుబరులు గుడి గురించి, పంచాయతీ ఎన్నికల గురించి చెబుతారు. వాగు సంగతి తెలిసినవారు వేరు. రేవులో బట్టలుతికిన చాకలివారు, వలవేసిన బెస్తవారు, గట్ల వెంట తిరిగిన యానాదులు, చెరువు తూము కాసిన నీరుగట్టువాడు, మేపు కోసం వాగు వెంట నడిచిన గొర్రెల కాపరులు, చెలమల్లో నీళ్లు తోడి తెచ్చిన ఆడవాళ్లు, వీరికి వాగు ఏ నెలలో ఎలా ఉండేదో కళ్లకు కట్టినట్టు తెలుసు. మన ఊళ్లలో పల్లపు భూమిలో, వాగుకు దగ్గరగా, దళితవాడలను ఉంచడం పరిపాటి. అందువల్ల ముంపు మొదట ఎవరి గడపకు వచ్చిందో అడిగితే, ఊరు ఎలా అమర్చబడిందో అడిగినట్టే అవుతుంది. పెద్దవీధిలో ఒక మనిషితో మాట్లాడితే, పల్లెలో, అంటే దళితవాడలో కూడా ఒకరితో మాట్లాడాలన్నది నియమంగా పెట్టుకోండి.

ఆ కుటుంబాలకు భూమి కాగితాలు తక్కువ కాబట్టి వారి పేర్లు రెవెన్యూ రికార్డుల్లో కనబడవు. చర్చి రిజిస్టర్లలో కనబడతాయి. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చారు. తర్వాతి కాలంలో బాప్తిస్మం, పెళ్లి, మరణాల వివరాలు రాసిపెట్టిన పుస్తకాలు పాత సంఘాల్లో ఉంటాయి. సంఘ కాపరి అనుమతితో చూస్తే, నాలుగైదు తరాల వంశక్రమం తేదీలతో సహా దొరికే చోటు ఊళ్లో అదొక్కటే కావచ్చు.

ముంపు లెక్క

వరదల అధ్యాయాన్ని విడిగా రాయండి, దానికి కారణాన్ని కూడా రాయండి. ‘భారీ వర్షాలు కురిసినందున’ అంటే సరిపోదు. కొండవీటి వాగు విషయంలో అసలు ఇబ్బంది దాని చివరి మైళ్లలో ఉంది. అది ఉండవల్లి దగ్గర, బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. నది నిండుగా ఉన్నప్పుడు వాగు నీరు లోపలికి పోలేక వెనక్కి తన్ని, నీరుకొండ, కృష్ణాయపాలెం వైపు పల్లపు చేలలో నిలిచిపోతుంది. అంటే వాగు ముంపు చరిత్రలో 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్టకు, 1952లో అది తెగిన తర్వాత కట్టిన బ్యారేజీకి, 2018లో ఉండవల్లి దగ్గర వాగు నీటిని నదిలోకి తోడిపోయడానికి పెట్టిన అయిదు వేల క్యూసెక్కుల ఎత్తిపోతలకు చోటుండాలి. 2009 అక్టోబరులో, 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర ప్రవాహం పదకొండు లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రోజుల్లో మీ ఊళ్లో నీరు ఏ మెట్టు దాకా వచ్చిందో పక్కన రాయండి.

బుడమేరు కథ వేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే ఈ ఏరును వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, కొంత నీటిని మళ్లింపు కాలువ ద్వారా కృష్ణలోకి తిప్పారు. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ మళ్లింపు కాలువకు గండ్లు పడి, విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. బుడమేరు ఒడ్డు ఊరికి చరిత్ర రాసేవారు ఏరును, మళ్లింపు కాలువను, ఎనికెపాడు యూటీని (ఏరును కాలువ కింద నుంచి దాటించే అండర్ టన్నెల్‌ను) కలిపి ఒకే పటంగా గీయకపోతే నీరు ఎటు నుంచి ఎటు వచ్చిందో పాఠకుడికి తెలియదు. పల్నాడు, సత్తెనపల్లి వైపు వాగులకు ఇంకో ప్రశ్న ఉంది: సాగర్ కాలువలు వచ్చిన తర్వాత మాగాణి మురుగు చేరి, ఎండాకాలంలో ఎండిపోయే వాగు ఏడాది పొడుగునా పారడం మొదలైందా? మొదలైతే రేవులు, పంటలు, దోమలు, చేపలు అన్నీ ఎలా మారాయి?

నీటి మట్టాన్ని జ్ఞాపకంగా కాక కొలతగా రాయాలి. రైలు వంతెనల స్తంభాల మీద అత్యధిక వరద మట్టాన్ని హెచ్‌ఎఫ్‌ఎల్ అని గీతగీసి తేదీ వేస్తారు. ఊళ్లో గుడి మెట్టు, బడి అరుగు, పాత ఇంటి గోడ మీది మరక వంటివి చూపించినప్పుడు, ఏదో ఒక స్థిరమైన వంతెన మట్టంతో పోల్చి ఎన్ని అడుగులు పైనో కిందో కొలిచి పెట్టుకోండి. నీటిగొట్టంతో మేస్త్రీలు మట్టం చూసినట్టే చూడవచ్చు, పెద్ద పరికరాలు అక్కరలేదు.

రాత, అచ్చు

రాసేటప్పుడు చూసినది, చదివినది, విన్నది మూడూ వేరుగా తెలిసేలా రాయాలి. ‘ఊరివారు చెప్పుకునేదేమంటే’, ‘సర్వే రిజిస్టరు ప్రకారం’, ‘గట్టు కోతలో కనబడుతున్నది’ అన్న మాటలు వాక్యం ముందు పెట్టడం వల్ల శైలి కొంత బరువెక్కుతుంది, నష్టం లేదు. రెండు ఆధారాలు ఒప్పుకోకపోతే రెండూ రాసి, మీకు ఏది నమ్మదగినదిగా తోచిందో, ఎందుకో ఒక వాక్యంలో చెప్పండి. కాలక్రమాన్ని రాజవంశాల పేరిట కాక వాగు మారిన దశల పేరిట విభజిస్తే అధ్యాయాలు సహజంగా ఏర్పడతాయి: ఆనకట్టకు ముందు, ఆనకట్ట తర్వాత, సాగర్ తర్వాత, పొలాలు ప్లాట్లయిన తర్వాత.

పాత పత్రికల కోసం వేటపాలెం సారస్వత నికేతనం, గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయం, విజయవాడ రామమోహన గ్రంథాలయం చూడవలసిన చోట్లు. ఊరి పేరుతో వార్త దొరకడం కష్టం కాబట్టి, మీరు తయారుచేసుకున్న వరదల సంవత్సరాల పట్టికను చేత పట్టుకుని, ఆ నెలల సంచికలు మాత్రమే తిరగేయండి.

చిత్తుప్రతిని అచ్చుకు ముందు ఊళ్లో చదివి వినిపించండి. పెద్దవీధిలో ఒకసారి, పల్లెలో ఒకసారి వేరువేరుగా చదవడం మంచిది, ఎందుకంటే ఒకచోట ఎవరూ అభ్యంతరం చెప్పని పేరా మరోచోట పూర్తిగా తప్పని తేలవచ్చు. వచ్చిన దిద్దుబాట్లను చెప్పినవారి అనుమతితో చేర్చండి. అచ్చువేసిన ప్రతుల్లో ఒకటి ఊరి బడికి, ఒకటి గ్రామ సచివాలయానికి, ఒకటి జిల్లా గ్రంథాలయానికి, ఒకటి వేటపాలెం పంపండి. ఫొటోలు, ఎఫ్‌ఎంబీ నకళ్లు, రికార్డు చేసిన మాటలు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, ఏ ఫైలు ఏమిటో తెలుగులో పట్టిక రాసి, పుస్తకంతోపాటు బడిలో ఉంచండి.